మ్యాక్, లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ.. ఇంటిపేరు ఒకటే అయినా డిస్క్‌లు ఎందుకు కలవవు? ఆ బటన్ నొక్కే ముందు ఇది తెలుసుకోండి!

లైనక్స్ కంప్యూటర్‌లో వాడుతున్న హార్డ్‌డిస్క్ తీసి మ్యాక్‌కి పెట్టారనుకోండి. వెంటనే స్క్రీన్ మీద ఓ మెసేజ్ వస్తుంది. ఈ డిస్క్‌ని ఈ కంప్యూటర్ చదవలేకపోతోంది అని. కింద మూడు బటన్లు. ఇనిషియలైజ్, ఎజెక్ట్, ఇగ్నోర్. చాలామంది చెయ్యి మొదటి దాని మీదకే వెళ్తుంది. అది నొక్కితే డిస్క్ యుటిలిటీ ఓపెన్ అవుతుంది. అక్కడ ఎరేజ్ కొట్టారో.. లోపల ఉన్న పెళ్లి వీడియోలు, ఆఫీసు ఫైళ్లు, పిల్లల ఫొటోలు అన్నీ గల్లంతే.

విచిత్రం ఏంటంటే, ఆ డిస్క్‌లో ఏ లోపమూ లేదు. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. చదవడం రానిది మ్యాక్‌కే! మరి మ్యాక్ కూడా యునిక్సే, లైనక్స్ కూడా యునిక్స్ దారిలో నడిచేదే అంటారు కదా. టెర్మినల్ తెరిస్తే రెండింట్లోనూ చాలా కమాండ్లు ఒకటే. మరి ఒకదాని డిస్క్ ఇంకోదానికి ఎందుకు అర్థం కాదు? అసలు ఏ డిస్క్‌ని ఎక్కడ పెడితే పనిచేస్తుంది? ఎక్కడ డేటాకే ముప్పు? చూద్దాం.

ఫైల్‌సిస్టమ్ అంటే ఏంటి?

డిస్క్ అనేది నంబర్లు వేసిన లక్షలాది గడుల వరుస, అంతే. ఏ ఫైల్ ఏ గడుల్లో ఉంది, పేరేంటి, ఎవరిది, ఎప్పుడు మార్చారు, ఏ గడులు ఖాళీ.. ఈ లెక్కంతా రాసుకునే పద్ధతే ఫైల్‌సిస్టమ్. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదన్నమాట. సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది. ఖాతా చదవడం రాకపోతే మాత్రం ఏ బస్తా ఎక్కడుందో తెలియదు.

యునిక్స్ కుటుంబంలో ప్రోగ్రాములు మాట్లాడుకునే భాష దాదాపు ఒకటే. ఫైల్ తెరువు, చదువు, రాయి, మూసెయ్.. ఇవి అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తాయి. పోసిక్స్ అనే ప్రమాణం ఉన్నది ఇందుకే. కానీ ఆ ప్రమాణం ప్రోగ్రాములకు మాత్రమే. డిస్క్ మీద ఖాతా ఎలా రాయాలో అది చెప్పదు. ఆ విషయంలో ఎవరి వంట వారిదే. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

ఒకే ఇంట్లో పుట్టి వేరుపడ్డారు

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్‌ని మొదలుపెట్టారు. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ దాన్ని తీసుకుని బీఎస్‌డీ పేరుతో పెంచింది. 1983లో వచ్చిన 4.2బీఎస్‌డీతో ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ అందరికీ అందింది. దాన్ని తయారుచేసిన వారిలో ముఖ్యుడు మార్షల్ కిర్క్ మెక్యూసిక్. యూఎఫ్‌ఎస్, ఎఫ్‌ఎఫ్‌ఎస్ అని ఇప్పుడు వినిపించే పేర్లన్నీ ఆ చెట్టు కొమ్మలే.

1993లో ఆ బీఎస్‌డీ నుంచి ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ విడివిడిగా మొదలయ్యాయి. 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి ఓపెన్‌బీఎస్‌డీ చీలింది. ముగ్గురూ వాడేది పైకి ఒకటే యూఎఫ్‌ఎస్. కానీ ఆస్తులు పంచుకున్నాక అన్నదమ్ములు ఎవరి ఇల్లు వాళ్లు మార్చుకున్నట్టే, ఇక్కడా ఎవరి మార్పులు వాళ్లు చేసుకున్నారు.

2003లో ఫ్రీబీఎస్‌డీ 5.0తో యూఎఫ్‌ఎస్2 వచ్చింది. అది పెద్ద డిస్క్‌ల కోసం 64 బిట్ల లెక్క వాడుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అదే తరహా రెండో వెర్షన్‌ని చాలా కంప్యూటర్లలో డీఫాల్ట్ చేసింది మాత్రం 2020లో, 6.7 వెర్షన్‌తో. కరెంటు పోయినా ఖాతా చెడిపోకుండా కాపాడే పద్ధతి కూడా వేరే. ఫ్రీబీఎస్‌డీ సాఫ్ట్ అప్‌డేట్స్‌కి జర్నల్ జోడించింది. నెట్‌బీఎస్‌డీ వాప్‌బెల్ అనే సొంత లాగ్ పెట్టుకుంది. ఒకరి చిత్తు పుస్తకాన్ని మరొకరు చదవలేరు. అంటే సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా డిస్క్ పీకి పక్క సిస్టమ్‌కి పెడితే, సగంలో ఆగిన లెక్కను అది పూర్తి చేయలేదు.

పార్టిషన్ల దగ్గరా ఇదే కథ. పాత ఎంబీఆర్ పద్ధతిలో ప్రతి పార్టిషన్‌కీ ఒక గుర్తు నంబర్ ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీది 165, ఓపెన్‌బీఎస్‌డీది 166, నెట్‌బీఎస్‌డీది 169. ఆ పార్టిషన్ లోపల మళ్లీ డిస్క్‌లేబుల్ అనే సొంత పట్టిక ఉంటుంది. ఒక్కోసారి ఫైల్‌సిస్టమ్ చదవడం తెలిసినా, అది ఎక్కడ మొదలైందో తెలియక సిస్టమ్ చేతులెత్తేస్తుంది.

ప్రాసెసర్ మారినా ఇబ్బందే. సన్ కంపెనీ స్పార్క్ మెషీన్‌లో సొలారిస్ రాసిన యూఎఫ్‌ఎస్ డిస్క్, ఇంటెల్ మెషీన్‌లోని అదే సొలారిస్‌కి అర్థమయ్యేది కాదు. కారణం.. అంకెలోని బైట్లను ఒకటి ముందు నుంచి, ఇంకోటి వెనక నుంచి రాస్తుంది. సిస్టమ్ ఒకటే, ఫైల్‌సిస్టమ్ ఒకటే, అయినా డిస్క్ తెరుచుకోదు!

లైనక్స్, బీఎస్‌డీ మధ్య ఏది నడుస్తుంది?

లైనక్స్ సొంత దారి వేసుకుంది. 1993లో ఈఎక్స్‌టీ2, తర్వాత ఈఎక్స్‌టీ3, 2008లో స్థిరపడిన ఈఎక్స్‌టీ4. ఇప్పుడు ఎక్కువ లైనక్స్ కంప్యూటర్లలో కనిపించేది ఈఎక్స్‌టీ4నే.

లైనక్స్‌కి బీఎస్‌డీ డిస్క్ పెడితే: యూఎఫ్‌ఎస్‌ని చదివే డ్రైవర్ కెర్నల్‌లో ఉంది. అయితే అది ఏ రకం యూఎఫ్‌ఎస్సో మనమే చెప్పాలి. ఫ్రీబీఎస్‌డీదైతే సాధారణంగా యూఎఫ్‌ఎస్2 అని చెప్పి మౌంట్ చేయాలి. చదవడం వరకూ ఓకే. రాయడానికి మాత్రం వేరే ఆప్షన్ ఉంది, దానికి కెర్నల్ తయారుచేసిన వాళ్లే ప్రమాదకరం అని హెచ్చరిక తగిలించారు. కాబట్టి ఫైళ్లు కాపీ చేసుకోండి, రాయొద్దు.

ఫ్రీబీఎస్‌డీకి లైనక్స్ డిస్క్ పెడితే: పరిస్థితి కాస్త మెరుగు. ఈఎక్స్‌టీ2, 3, 4 మూడింటినీ ఒకే డ్రైవర్ తెరుస్తుంది. కానీ జర్నల్‌ని వాడదు. అందుకే లైనక్స్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేశాకే డిస్క్ తీయాలి.

అన్ని బీఎస్‌డీలూ, లైనక్స్ కలిసి చదివి రాయగలిగింది ఏదైనా ఉందా అంటే.. పాత ఈఎక్స్‌టీ2 ఉంది. జర్నల్ లేదు, కొత్త హంగులు లేవు. ఆ సాదాతనమే దాని బలం. లోపం కూడా అదే. మధ్యలో కరెంటు పోతే డిస్క్ మొత్తం మొదటి నుంచి చెక్ చేసుకోవాలి. పెద్ద డిస్క్ అయితే చాలాసేపు పడుతుంది.

మ్యాక్ సంగతేంటి?

మ్యాక్‌ఓఎస్‌లో బీఎస్‌డీ రక్తం ఉంది. 2007లో వచ్చిన లెపర్డ్ వెర్షన్‌తో దానికి అధికారికంగా యునిక్స్ సర్టిఫికెట్ కూడా దక్కింది. మొదట్లో యూఎఫ్‌ఎస్ డిస్క్‌లకూ చోటిచ్చేది. తర్వాతి వెర్షన్లలో తీసేశారు. మ్యాక్ సొంత ఫైల్‌సిస్టమ్ 1998 నుంచి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017 నుంచి ఏపీఎఫ్‌ఎస్.

హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్క్‌ని లైనక్స్ చదవగలదు. జర్నల్ ఆన్‌లో ఉంటే మాత్రం చదవడానికే మౌంట్ చేస్తుంది, రాయనివ్వదు. ఏపీఎఫ్‌ఎస్‌కి లైనక్స్ కెర్నల్‌తో పాటు వచ్చే డ్రైవర్ లేదు. ఇటు మ్యాక్‌కి కూడా ఈఎక్స్‌టీ4 చదివే డ్రైవర్ ఆపిల్ ఇవ్వలేదు. అందుకే మొదట చెప్పుకున్న ఆ మెసేజ్. అది వస్తే నొక్కాల్సింది ఎజెక్ట్. ఇనిషియలైజ్ కాదు.

అందరికీ తెలిసిన భాష.. ఎక్స్‌ఫ్యాట్

అయినవాళ్ల మధ్య పొత్తు కుదరక, చివరికి బయటివాడి భాషలో మాట్లాడుకోవాల్సి వచ్చింది. అదే మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32ని అన్నీ చదువుతాయి, రాస్తాయి. కాకపోతే ఒక్క ఫైల్ 4జీబీ దాటకూడదు. 4కే వీడియో తీసేవాళ్లకు ఇది ఏ మూలకీ చాలదు.

ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ ఇబ్బంది లేదు. మైక్రోసాఫ్ట్ 2019లో దాని వివరాలు బయటపెట్టింది. 2020లో లైనక్స్ 5.7 కెర్నల్‌లో మెరుగైన డ్రైవర్ చేరింది. మ్యాక్‌లో అంతకుముందు నుంచే ఉంది. ఫ్రీబీఎస్‌డీలో అదనపు ప్యాకేజీ వేసుకోవాలి.

మరి అన్నింటికీ ఇదే వాడేస్తే పోలా? కుదరదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైల్ ఓనర్ ఎవరో రాయరు. యునిక్స్ పర్మిషన్లు ఉండవు. సింబాలిక్ లింకులు ఉండవు. జర్నల్ ఉండదు. వీడియోలు, ఫొటోలు మోసుకెళ్లడానికి బాగుంటుంది. సిస్టమ్ బ్యాకప్‌ని, ప్రోగ్రామింగ్ ప్రాజెక్టుల్ని ఫైళ్లుగా అందులోకి నేరుగా కాపీ చేస్తే పర్మిషన్లన్నీ ఎగిరిపోతాయి. అలాంటివి ముందు టార్ ఫైల్‌గా కట్టి, ఆ ఒక్క ఫైల్‌ని అందులో పెట్టడం మేలు.

ఇంకో చిన్న విషయం. మ్యాక్‌లో వాడిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌ని లైనక్స్‌లో తెరిస్తే, చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే బుల్లి ఫైళ్లు కనిపిస్తాయి. వైరస్ అనుకుని కంగారు పడకండి. మ్యాక్ తన అదనపు సమాచారం దాచుకునే చోటది.

జెడ్‌ఎఫ్‌ఎస్.. అన్నదమ్ములు మళ్లీ కలిసిన చోటు

ఈ కుటుంబంలో నిజంగా కలిసొచ్చిన కథ ఒకటుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్విక్, మాథ్యూ ఆరెన్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ 2005లో ఓపెన్‌సొలారిస్ ద్వారా బయటికొచ్చింది. 2008లో ఫ్రీబీఎస్‌డీ 7.0లోకి చేరింది. లైనక్స్‌కీ వచ్చింది. కొన్నాళ్లు ఎవరి కాపీ వాళ్లు పెంచుకున్నా, 2020 చివర్లో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.0తో లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ రెండింటికీ కోడ్ ఒక్కటే అయింది. 2021లో ఫ్రీబీఎస్‌డీ 13.0 దాన్నే తీసుకుంది.

దీనివల్ల లాభం ఏంటంటే, ఫ్రీబీఎస్‌డీలో తయారుచేసిన పూల్‌ని లైనక్స్‌లో తెరిచి రాయొచ్చు కూడా. ప్రాసెసర్ బైట్ల గొడవ కూడా దీనికి లేదు. ట్రూనాస్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌ని చూడండి. దాని కోర్ వెర్షన్ ఫ్రీబీఎస్‌డీ మీద, స్కేల్ వెర్షన్ లైనక్స్ మీద నడుస్తాయి. కోర్ నుంచి స్కేల్‌కి మారేవాళ్లు డిస్క్‌లు ఫార్మాట్ చేయకుండా అదే పూల్‌తో కొనసాగొచ్చు.

కానీ మూడు మెలికలు ఉన్నాయి.

మొదటిది, అప్‌గ్రేడ్. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో కొత్త సదుపాయాలు ఫీచర్ ఫ్లాగులుగా వస్తాయి. కొత్త సిస్టమ్‌లో జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కొట్టి అవి ఆన్ చేస్తే, పాత సిస్టమ్‌లో ఆ పూల్ తెరుచుకోకపోవచ్చు. లేదా చదవడానికే తెరుచుకోవచ్చు. అప్‌గ్రేడ్ చేశాక వెనక్కి తిప్పడం ఉండదు. అందుకే రెండు సిస్టమ్‌ల మధ్య తిరిగే పూల్‌కి, రెండింట్లో పాతది ఏదో దానికి తగ్గట్టే ఫీచర్లు ఉంచాలి. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.1 నుంచి దీనికోసమే కంపాటిబిలిటీ అనే సెట్టింగ్ ఉంది.

రెండోది, అప్పగింత. పూల్‌ని తీసే ముందు ఎక్స్‌పోర్ట్ చేయాలి. అంటే నా పని అయిపోయింది, ఇక ఎవరైనా తీసుకోవచ్చు అని డిస్క్ మీద రాసిపెట్టడం. అది చేయకుండా ఇంకో సిస్టమ్‌కి పెడితే, దీన్ని వేరే సిస్టమ్ వాడుతుండొచ్చు అని ఇంపోర్ట్ ఆగిపోతుంది. బలవంతంగా తెరిచే ఆప్షన్ ఉంది. కానీ పాత సిస్టమ్ నిజంగా ఆగిపోయిందని తేలాకే దాన్ని వాడాలి.

మూడోది, ఎన్‌క్రిప్షన్. ఫ్రీబీఎస్‌డీలో జెలీ, లైనక్స్‌లో లక్స్ అనే తాళాలు జెడ్‌ఎఫ్‌ఎస్ కిందే ఉంటాయి. జెలీ తాళం లైనక్స్‌లో తెరుచుకోదు. జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత ఎన్‌క్రిప్షన్ వాడితేనే రెండు చోట్లా అదే పాస్‌వర్డ్‌తో తెరవొచ్చు.

లైసెన్సుల తేడా వల్ల జెడ్‌ఎఫ్‌ఎస్ లైనక్స్ కెర్నల్‌లో భాగం కాదు, విడి మాడ్యూల్‌గా వస్తుంది. కెర్నల్ అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి పూల్ కనిపించకపోతే కారణం చాలావరకు అదే. డేటా పోయిందని హడావిడిగా ఫార్మాట్ చేసేయకండి.

అసలు ప్రమాదం.. ఒకే డిస్క్, ఇద్దరు యజమానులు

ఫైల్‌సిస్టమ్ ఒకటే అయినా సరే, ఒకే డిస్క్‌ని రెండు సిస్టమ్‌లు ఒకేసారి మౌంట్ చేస్తే నాశనమే. ఎందుకంటే ప్రతి సిస్టమ్ ఖాతాలో కొంత భాగాన్ని తన మెమరీలో దాచుకుని, దాన్నే నమ్ముతుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే ఖాతా రాస్తే ఏమవుతుంది? ఖాళీ గడి అనుకుని ఒకరు రాసిన చోటే రెండోవారూ రాసేస్తారు. తప్పు జరిగినట్టు అప్పుడు తెలియదు కూడా. కొన్నాళ్లకు ఫైల్ తెరిస్తే చెత్త కనిపిస్తుంది.

నేను రెండూ ఒకేసారి వాడను కదా అంటారా? హైబర్నేట్ చేసినా అదే ముప్పు. లైనక్స్‌ని హైబర్నేట్ చేసి, అదే కంప్యూటర్‌లో ఫ్రీబీఎస్‌డీ బూట్ చేసి ఆ డిస్క్‌లో ఏదో రాశారనుకోండి. లైనక్స్ నిద్రలేచాక దాని మెమరీలో ఉన్నది పాత ఖాతానే. ఆ పాత లెక్కనే డిస్క్ మీద రాసేస్తుంది. వర్చువల్ మెషీన్‌కి ఇచ్చిన డిస్క్‌ని అసలు కంప్యూటర్‌లో కూడా తెరవడం ఇలాంటిదే.

చూడ్డానికే కదా, రీడ్-ఓన్లీగా పెడతా అన్నా పూర్తి భరోసా లేదు. ఈఎక్స్‌టీ4ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా, జర్నల్‌లో మిగిలిపోయిన రాతను లైనక్స్ డిస్క్ మీద పూర్తి చేసేస్తుంది. అది కూడా వద్దనుకుంటే నోలోడ్ అనే ఆప్షన్ జతచేయాలి.

మీ చేతిలోని ఫోన్ కూడా ఈ పాఠం నేర్చుకున్నదే. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే. పాత ఫోన్లను కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి యూఎస్‌బీ స్టోరేజ్ ఆన్ చేస్తే, మెమరీ కార్డు ఫోన్‌లో మాయమయ్యేది. గుర్తుందా? ఇద్దరు యజమానులు ఉండకూడదనే అలా ఫోన్ పట్టు వదిలేసేది. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో ఎంటీపీ పద్ధతి వచ్చింది. ఇప్పుడు డిస్క్ పెత్తనం ఫోన్‌దే, కంప్యూటర్ ఫలానా ఫైల్ ఇవ్వు అని అడుగుతుందంతే. అలాగే మెమరీ కార్డుని ఇంటర్నల్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేస్తే అది ఎన్‌క్రిప్ట్ అవుతుంది. తీసి కార్డ్ రీడర్‌లో పెట్టినా ఫైళ్లు కనిపించవు.

కంప్యూటర్ల మధ్య కూడా ఇదే మార్గం మంచిది. ఒక సిస్టమ్ డిస్క్‌ని చూసుకుంటుంది, మిగతావి నెట్‌వర్క్ మీద అడుగుతాయి. సన్ కంపెనీ 1980ల్లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ చేసేది ఇదే. సాంబా కూడా అంతే. కింద ఏ ఫైల్‌సిస్టమ్ ఉన్నా అవతలివాళ్లకు సంబంధం లేదు.

డిస్క్ తెరుచుకుంది.. కానీ పర్మిషన్ డినైడ్!

ఇంకో తిరకాసు. డిస్క్ మీద ఓనర్ పేరు ఉండదు, నంబర్ మాత్రమే ఉంటుంది. మొదటి యూజర్‌కి చాలా లైనక్స్‌లలో 1000 ఇస్తారు. ఫ్రీబీఎస్‌డీలో 1001. మ్యాక్‌లో 501. రెండు చోట్లా మీ యూజర్ పేరు ఒకటే అయినా, సిస్టమ్ దృష్టిలో మీరు వేరే మనిషి. మీ ఫైల్ మీకే తెరుచుకోదు. పరిష్కారం సింపుల్. కొత్త సిస్టమ్‌లో అకౌంట్ తెరిచేటప్పుడే రెండు చోట్లా ఒకే నంబర్ ఇచ్చుకోండి.

తెలుగులో ఫైల్ పేరు పెట్టేవారికి

ఇది మన భాషకి సంబంధించినది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వ చిహ్నం అని రెండు ముక్కలుగా. మ్యాక్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి దాచుకుంటుంది. లైనక్స్ ఈఎక్స్‌టీ4 మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. అందుకే "హైదరాబాద్" అనే ఫోల్డర్‌ని మ్యాక్ నుంచి లైనక్స్‌కి కాపీ చేస్తే, చూడ్డానికి ఒకేలా ఉండే రెండు హైదరాబాద్‌లు పక్కపక్కనే కనిపించే అవకాశం ఉంది. వెతికితే ఒకటే దొరుకుతుంది. బ్యాకప్ తీస్తే రెండోసారి మళ్లీ మొత్తం కాపీ అవుతుంది. డూప్లికేట్ అనుకుని ఒకటి డిలీట్ చేసే ముందు లోపల ఫైళ్లు చూసుకోండి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

* వీడియోలు, ఫొటోలు మ్యాక్, లైనక్స్, విండోస్ మధ్య మోయాలంటే: ఎక్స్‌ఫ్యాట్. అసలు కాపీ మాత్రం వేరే చోట ఉంచండి.
* లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ మధ్య శాశ్వతంగా పంచుకోవాలంటే: జెడ్‌ఎఫ్‌ఎస్. పాత సిస్టమ్‌కి తగ్గ ఫీచర్లతోనే పూల్ చేయండి, తీసే ముందు ఎక్స్‌పోర్ట్ చేయండి.
* ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ కూడా కలవాలంటే: చిన్న ఈఎక్స్‌టీ2 పార్టిషన్.
* ఒకేసారి రెండు మెషీన్ల నుంచి వాడాలంటే: ఎన్‌ఎఫ్‌ఎస్ లేదా సాంబా. కేబుల్ మార్చుకోవడం వద్దు.
* ఎక్కడిదో తెలియని డిస్క్ చేతికొస్తే: ముందు రీడ్-ఓన్లీ. కావాల్సినవి కాపీ చేసుకున్నాకే మిగతా ప్రయోగాలు. రిపేర్ చేయమంటారా అని అడిగితే వెంటనే సరే అనొద్దు. ఆ డిస్క్‌ని చెక్ చేయాల్సింది, దాన్ని తయారుచేసిన సిస్టమే.

డిస్క్ తెరుచుకోలేదంటే డేటా పోయినట్టు కాదు. చాలాసార్లు ఆ ఖాతా చదవగలిగే సిస్టమ్‌కి తీసుకెళ్తే చాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. మధ్యలో ఎవరూ ఎరేజ్ కొట్టకపోతేనే సుమా!